పెన్సిలు ఉత్తరాలు

శివకోడు, రాజోలు తాలూకా
8 ఫిబ్రవరి 1953

చిరంజీవి సీతారత్నానికి, వదిన సూర్యావతి ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాయలేదని మూతి ముడుచుకుని ఉంటావు. ఇక్కడ ఊపిరి సలపలేదు మరి. అంతర్వేది తీర్థానికి మీ అన్నయ్యగారు ఇంటిల్లిపాదినీ బయలుదేరదీశారు. బండికి ముందూ వెనకా తెర కట్టించారు. ఇంతా చేసి నేను చూసింది రథం చక్రం ఒకటీ, తాడు లాగేవాళ్ళ కాళ్ళు ఓ నూరూ. పైన స్వామివారు ఎలా ఉన్నారో మగవాళ్ళని అడిగి తెలుసుకున్నాను.

మన అబ్బాయి వెంకటరాజు భార్య సావిత్రికి నాలుగో నెల. తల్లి లేని పిల్ల కదా, పురుడు మనింట్లోనే పోస్తాను. ఏం తిన్నా ఇమడటం లేదు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి పెడితే అవి మాత్రం చక్కగా ఇమిడాయి. జమీందారీ వేవిళ్ళు!

దొడ్లో కొబ్బరి పీచు పని మొదలైంది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు తాళ్ళు పేనుతున్నారు. పక్కన నేను లేకపోతే కబుర్లు పేనుతారు. అందుకని దొడ్లో పాకలోనే మూడు రోజులు మకాం పెట్టాను. ఈ ఉత్తరం అక్కడినుంచే.

నీ ఉద్యోగం సంగతి వీరాయమ్మ పిన్ని అడిగింది. "మన రత్నం ఆ మద్రాసులో ఏం చేత్తాదమ్మా?" అంది. ఆసుపత్రిలో గాజు పలకలకి రంగులు అద్దుతుందని చెప్పాను. "అద్దకం పనికి మద్రాసు దాకా ఎందుకూ, పెద్దాపురంలో నేర్పరా?" అంది. నాకూ సరిగ్గా తెలియదు. ఈసారి వివరంగా రాయి.

కొంచెం నడుం నొప్పి. వయసు మీద పడుతోంది కదా. మిగతా అందరూ క్షేమం.

నీ వదిన
సూర్యావతి

మద్రాసు
19 ఫిబ్రవరి 1953

పూజ్యులైన వదినగారికి, రత్నం నమస్కరించి రాసేది.

అద్దకం పని అన్నందుకు వీరాయమ్మ పిన్నిగారి మీద నాకేం కోపం లేదు. నేను చేసేది అదే. కాకపోతే బట్టకి కాదు.

మా డాక్టరు పార్వతిగారు అమెరికాలో రెండేళ్ళు చదివి వచ్చారు. పదేళ్ళ కిందట అక్కడ ఒక పద్ధతి బయటపెట్టారట. గర్భసంచి ముఖద్వారం దగ్గర ఉండే చెమ్మని చిన్న చెక్కపుల్లతో తీసి గాజు పలక మీద పూస్తారు. దాన్ని స్పిరిటులో ముంచి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాం. బాగున్న కణం పల్చగా, వెడల్పుగా, చిరిగిన పూతరేకు ముక్కలా ఉంటుంది. మధ్యలో ఒక్క చిన్న చుక్క. పాడైన కణంలో ఆ చుక్క ఉబ్బిపోయి, నల్లబడి, ముక్కనంతా తినేస్తుంది. మన వైపు రాచపుండు అంటారే, ఇక్కడ క్యాన్సరు అంటారు, అది పుండై నొప్పి పుట్టించక ముందే ఇలా పట్టుకోవచ్చు. అదీ నా అద్దకం.

పలక మీద పేరు మాత్రం సిరాతో రాయం. స్పిరిటులో సిరా కరిగిపోతుంది. పెన్సిలుతో రాస్తే చెరగదు.

పెన్సిలంటే గుర్తొచ్చింది. మీ ఉత్తరం పెన్సిలుతో ఉంది వదినా.

మీరు నాకు అక్షరాలు నేర్పిన రోజులు నేను మరిచిపోయాననుకున్నారా? కలం, సిరాబుడ్డి అన్నయ్యగారి రాతబల్ల మీద ఉండేవి. బయట చేరిన మూడు రోజులూ మీరు వాటిని తాకకూడదు. ఏం రాసుకున్నా పాకలో పెన్సిలుతోనే. వంటా వార్పూ ఉండవు కనక ఆ మూడు రోజులే మీకు తీరిక, నాకు బడి. మీరు పాక ముందు ఇసకలో రాసేవారు. నాలుగు బారల దూరంలో కూర్చుని నేను ఇసకలో దిద్దేదాన్ని. వితంతువునైన నన్ను చదివిస్తే ఊరేమంటుందని అన్నయ్యగారు వెనకాడితే, మీరు మూడు రోజులు అన్నం మానేసి నన్నిక్కడికి పంపించారు. నేను వచ్చాక పన్నెండేళ్ళపాటు నెలకో పెన్సిలు ఉత్తరం వచ్చేది. నలభైతొమ్మిదిలో అవి ఆగిపోయాయి. వదినగారికి ఆ బెడద తీరిందనుకుని సంతోషించాను.

ఇవాళ మీ పాత ఉత్తరాలన్నీ తీసి చూశాను. కిందటి నవంబరులో ఒకటి పెన్సిలుతో ఉంది. డిసెంబరులో రెండు. ఇప్పుడిది. నడుం నొప్పి అని కూడా రాశారు.

పీచు పని కోసమేనా పాకలో మకాం?

మీ
రత్నం

శివకోడు
2 మార్చి 1953

చి. రత్నానికి ఆశీస్సులు.

ఇదిగో, సిరాతో రాస్తున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూసుకో. నీకు చదువు చెప్పడం నాది బుద్ధితక్కువ. ఉత్తరంలో సంగతులు చదవమంటే దేనితో రాశారో చూస్తావా? పిల్లి సిరాబుడ్డి ఒలకబోసింది, అందుకని పెన్సిలుతో రాశాను అని రాద్దామనుకున్నాను. నాలుగుసార్లు ఒలకబోసే పిల్లి ఎక్కడుంటుందని నువ్వే అడుగుతావు.

సరే. తిరిగొచ్చింది. అంతే. ఆడదాని ఒంట్లో సవాలక్ష వస్తాయి పోతాయి.

వీరాయమ్మ పిన్నికి తప్ప ఎవరికీ తెలియదు. "అదురుష్టవంతురాలివే! వయసు తిరిగొచ్చింది. ఎవరితోనూ అనకు, దిష్టి తగుల్తాది" అంది. నాకేమో సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. కోడలు కడుపుతో ఉంటే అత్తగారు బయట చేరిందంటే నలుగురూ నవ్వరూ? అలాగని మైలతో వంటింట్లో తిరగలేను. అందుకని పీచు పని పేరు చెప్పి పాకలో ఉంటున్నాను. నెలకోసారి కాదు, ఒక్కోసారి పది రోజులకే వస్తోంది. మీ అన్నయ్యగారు "పీచు మీద ఇంత ప్రేమేమిటండీ?" అని ఆటపట్టిస్తున్నారు.

ఆయనకి మాత్రం రాయకు. నా మీద ఒట్టు. పురుడు వెళ్ళేదాకా ఇంట్లో ఏ గొడవా ఉండకూడదు.

నీ వదిన
సూర్యావతి

మద్రాసు
10 మార్చి 1953

వదినగారికి నమస్కారాలు.

ఒట్టు పెట్టారు కనక అన్నయ్యగారికి రాయను. బదులుగా మీరు నా మాట ఒకటి వినాలి.

ఆగిపోయి ఏళ్ళు గడిచాక మళ్ళీ కనబడితే అది వయసు తిరిగి రావడం కాదు. అలాగని ప్రతిసారీ రాచపుండే అని కూడా కాదు. చాలామందికి చిన్న చిన్న కారణాలే ఉంటాయి. చూస్తేనే తెలుస్తుంది. చూడకుండా నేనూ చెప్పలేను, పిన్నిగారూ చెప్పలేరు.

రాజోలులో నర్సు దానం ఉంది. ఏడాదిపాటు ఇక్కడ నాతో పనిచేసింది. ఆమెకి రాశాను. సావిత్రిని చూడటానికి వచ్చినట్టు వస్తుంది. మీ పేరున చిన్న కొయ్యపెట్టె పంపుతున్నాను. అందులో నాలుగు గాజు పలకలు, రెండు చెక్కపుల్లలు ఉంటాయి. స్పిరిటు దానం తెచ్చుకుంటుంది. అయిదు నిమిషాల పని, నొప్పి ఉండదు. పూసిన పలకని తడి ఆరకముందే స్పిరిటులో ముంచి, పైన గ్లిసరిను వేసి పెట్టెలో సర్దుతుంది. దాన్ని పోస్టులో పంపితే చాలు.

మీరు చెయ్యవలసింది ఒకటే. పలక కొసన గరుకుగా ఉన్నచోట పెన్సిలుతో పేరు రాయాలి. మీ చేత్తోనే రాయండి. ఆ దస్తూరీ చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

మీ
రత్నం

శివకోడు
6 ఏప్రిల్ 1953

చి. రత్నానికి.

దానం వచ్చింది. మర్యాదస్తురాలు, చల్లని చెయ్యి. "ఆయ్, అయిపోయిందండి అమ్మగారూ" అనేదాకా మొదలుపెట్టిందని కూడా నాకు తెలియలేదు. పెట్టె పోస్టు చేయించాను. నువ్వు చెప్పింది చేశాను కదా, ఇంక ఈ ప్రస్తావన తేకు.

ఆవకాయకి కాయలు కోయిస్తున్నాం. నీకు జాడీ పంపుతాను.

సూర్యావతి

మద్రాసు
17 ఏప్రిల్ 1953

వదినా,

పెట్టె అందింది. ఒక్క పలకైనా పగల్లేదు. నాలుగు పలకలూ కొత్త అద్దాల్లా మెరిసిపోతున్నాయి. గ్లిసరిను లేదు, పూత లేదు, ఏమీ లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే చింతపండు వాసన. మీ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. పెన్సిలు కదా.

ఎందుకు కడిగారు?

ఇక్కడ పక్కన పనిచేసే పిల్ల నవ్వింది. పార్వతిగారు నవ్వలేదు. "మీ వాళ్ళదేనా?" అని అడిగి నా భుజం మీద చెయ్యి వేశారు. నేను ఏడవకుండా ఉండటానికి సీసాలన్నీ తీసి మళ్ళీ సర్దాను.

మీరు మురికి అనుకుని కడిగేసింది చూడటానికే నాకిక్కడ జీతం ఇస్తున్నారు. అందులోనే మీ సంగతంతా ఉంది. నాకు శుభ్రమైన గాజుతో పని లేదు. నెలకి పైగా ఆ పెట్టె కోసం ఎదురు చూశాను. ఆ నెలంతా మనకి పోయింది.

ఇంకో పెట్టె ఈ రోజే పంపాను. నాకు భయంగా ఉంది వదినా. నన్ను పెంచింది మీరు. మీరు లేని ఇల్లు నాకు పుట్టిల్లు కాదు.

రత్నం

శివకోడు
28 ఏప్రిల్ 1953

చి. రత్నానికి.

ఇది పెన్సిలే. ఇంక దాచను.

ముందు కుంకుడు రసంతో, తరవాత చింతపండుతో కడిగాను. దానం సావిత్రిని చూడటానికి లోపలికి వెళ్ళినప్పుడు పెట్టె నా దగ్గరే ఉంది. మైల వస్తువుని నలుగురు మగవాళ్ళ చేతులు మారేలా పోస్టులో ఎలా పంపను, అందుకని కడిగాను అని నీకు రాద్దామనుకున్నాను. అదీ నిజమే గాని అసలు కారణం అది కాదు.

మీ అమ్మ ఎలా పోయిందో నీకు తెలియదు. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. గాలి సోకి పోయిందని చెప్పారు. కాదు. అత్తగారికి మూడేళ్ళు ఆగి మళ్ళీ కనబడింది. అప్పుడూ వయసు తిరిగొచ్చిందనే అన్నారు. చివరి ఎనిమిది నెలలూ ఆవిడ ఈ పాకలోనే ఉంది. రోజూ మైలే కనక ఇంట్లోకి రావడం కుదరలేదు. ఆవిడ బట్టలు నేనే ఉతికేదాన్ని. కాలవకి తీసుకెళ్ళకుండా, ఎవరూ చూడకుండా, దొడ్లో తొట్టిలో. ఆ వాసన నాకు తెలుసు. మొన్న కార్తీకంలో నా బట్టలో అదే వాసన వచ్చింది. వీరాయమ్మ పిన్ని మాట నేను ఒక్క పూట కూడా నమ్మలేదు రత్నం. నమ్మినట్టు నీకు రాశానంతే.

ఇంకో మాట. నువ్వు పాక దగ్గరికి పరిగెత్తుకొస్తే మీ అమ్మ "పొమ్మనండి దాన్ని, ఇటు రానివ్వకండి" అని కసిరేది. అమ్మకి నేనంటే గిట్టేది కాదని పెద్దయ్యాక కూడా నాతో అన్నావు. నేను నిజం చెప్పలేదు. నువ్వు ఇసకలో దిద్దుకుని వెళ్ళిపోయాక ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి నీ అక్షరాల పక్కన కూర్చునేది. చదవడం రాదు. వేలు గాలిలోనే ఉంచి వాటిమీద తిప్పేది. పీచు మోసేవాళ్ళని అటు తొక్కనిచ్చేది కాదు. "ఈ వాసన దానికి గుర్తుండిపోకూడదు సూర్యావతీ. నేను కసురుకున్నానని గుర్తున్నా పర్వాలేదు" అంది. నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. ఇరవై ఆరేళ్ళు మోశాను ఆ ఒట్టు. ఇవాళ దింపేశాను.

మీ అమ్మని చంపినదాన్ని గాజు పలక మీద పూసి నీ కంటి ముందుకి నేనే పంపాలా? చెయ్యి రాలేదు. అందుకే కడిగాను.

ఇంకో భయం ఉంది. అత్తగారి బట్టలు ఉతికినందుకే ఇది నాకు అంటిందా? ఈ చేత్తో సావిత్రికి అన్నం పెట్టొచ్చా? పదిహేను రోజుల నుంచి వడ్డించడం మానేశాను. అది నా మీద అలిగింది.

రెండో పెట్టె అందింది. దానం నిన్న వచ్చింది. ఈసారి పెట్టె ఆమె ఒడిలోంచి కదల్లేదు. పోస్టు కూడా తనే చేస్తానంది. పేరు మాత్రం నేను రాశాను.

నీ వదిన
సూర్యావతి

మద్రాసు
14 మే 1953

వదినా,

మీ ఉత్తరం పనిలో చదవలేక బయట మెట్లమీద కూర్చుని చదివాను. రెండుసార్లు చదివాను. అమ్మ నన్ను కసరడం తప్ప నాకేమీ గుర్తు లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే గాలిలో తిరిగే వేలు కనబడుతోంది. మీరిచ్చిన వాటన్నిటిలోకీ ఇదే పెద్దది. ఇన్నాళ్ళూ దాచినందుకు కోపం రావాలి. రావటం లేదు.

మీ పలకకి రంగులు నేనే పట్టించాను. పార్వతిగారు నన్ను చూడొద్దన్నారు. నేనే చూశాను. తరవాత ఆవిడ చూశారు.

ఉంది వదినా.

మీకు అబద్ధం చెప్పను. చిన్న ముక్క తీసి మళ్ళీ పరీక్ష చేస్తే గానీ ఎంత దూరం పోయిందో తెలియదు. దానం తను చూసినదంతా పార్వతిగారికి రాసింది. పుండు చిన్నదే, చుట్టుపక్కలకి పాకినట్టు లేదట. అలాంటప్పుడు రేడియంతో నయమయ్యే అవకాశం బాగా ఉందని ఆవిడ అంటున్నారు. రేడియం ఒక లోహం. సన్నని గొట్టాల్లో పెట్టి లోపల ఉంచుతారు. అది పాడైన కణాలని మాడ్చేస్తుంది. ఆరు నెలలు ఆలస్యమైతే మాత్రం ఈ మాట అనలేనన్నారు.

బట్టలు ఉతికితే ఇది అంటదు. ఎందుకొస్తుందో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు, వెతుకుతున్నారు. కానీ ఏళ్ళ తరబడి ఈ రోగుల పక్కబట్టలు మార్చే నర్సులు మా దగ్గరే ముప్పైమంది ఉన్నారు. వాళ్ళలో ఎవరికీ అలా అంటుకోవడం మేం చూడలేదు. మీరు సావిత్రికి ఈ పూట నుంచే వడ్డించండి.

నాకొకటి అనిపిస్తుంది. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్ళు వేలమంది ఆడవాళ్ళ పలకలు ఏళ్ళ తరబడి ఓపిగ్గా చూశారు. ఆ ఆడవాళ్ళెవరో మనకి తెలియదు. వాళ్ళకీ సిగ్గు ఉండే ఉంటుంది. అయినా ఇచ్చారు. అది అమ్మకి అందలేదు, మీకు అందింది.

పురుడు వెళ్ళాక వస్తానని రాయకండి. ఈ నెలాఖరులోగా రావాలి. అన్నయ్యగారికి మీరు చెప్తారా, నన్ను ఒట్టు తీసెయ్యమంటారా?

మీ
రత్నం

శివకోడు
24 మే 1953

చి. రత్నానికి ఆశీస్సులు.

చెప్పాను.

మీ అన్నయ్యగారు భోజనం చేసి తాంబూలం వేసుకుంటున్నారు. అంతా విన్నారు. తమలపాకు చేతిలోనే వాడిపోయింది. "అమ్మకి వచ్చిందేనాండీ?" అన్నారు. ఆయనకి తెలియదనుకున్నాను ఇన్నాళ్ళూ! "రోజూ దొడ్డి తలుపు దాకా వచ్చి నుంచునేవాణ్ణండి. మూలుగు వినబడేది. లోపలికి రావడానికి మగాణ్ణయిపోయేను" అన్నారు. ఆయన కంట నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

నా మాట నోట్లో ఉండగానే లేచి, "మంగళారం బయల్దేరదామండి" అన్నారు. మరి పురుడో అన్నాను. తలుపు చాటునుంచి సావిత్రి, "నన్ను దానంగారు చూసుకుంటారండి అత్తయ్యగారూ. మీరు ముందెళ్ళి రండి. నా బిడ్డకి నాయనమ్మ ఉండాలండి" అంది. ఆ మాటతో లేచి బట్టలు సర్దుకున్నాను.

మంగళవారం సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటి ఎక్కి, నరసాపురంలో రైలెక్కుతాం. పంటి మీద తెర కట్టడానికి వీలవుతుందా అని నేనే అడిగాను. మీ అన్నయ్యగారు నా ముఖం చూసి, "అక్కర్లేదండి, గోదారి చూడండి" అన్నారు.

నాకు చాలా భయంగా ఉంది. స్టేషనుకి రా.

నీ వదిన
సూర్యావతి

శివకోడు
20 అక్టోబరు 1953

చి. రత్నానికి ఆశీస్సులు.

మీ మద్రాసు ఇప్పుడు పరాయి రాష్ట్రమట కదా. మాకు కర్నూలు రాజధాని. పరాయి రాష్ట్రంలో మూడు నెలలు పడుకుని వచ్చానని వీరాయమ్మ పిన్ని అందరికీ గొప్పగా చెబుతోంది.

ఇంకా నీరసంగా ఉంది. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలి. కడుపు ఒక్కోసారి మొరాయిస్తోంది. పార్వతిగారు ఇలా ఉంటుందని ముందే చెప్పారు కనక భయం లేదు. మనవరాలికి రెండో నెల దాటింది. నేను వచ్చేసరికి పురుడు, బారసాల అన్నీ అయిపోయాయి. పేరు పెట్టడానికి నన్ను అడగలేదని అలిగాను. ఎత్తుకోగానే నా కొంగు తడిపి ఆ అలక తీర్చింది.

ఆసుపత్రి గురించి ఎవరడిగినా నాకు గుర్తొచ్చేది ఒకటే. రేడియం లోపల పెట్టిన రోజులు. కదలకూడదు, దగ్గరికి ఎవరూ రాకూడదు. ఆ వెలుగు ఒంట్లో బాగున్నవాళ్ళకి చెడు చేస్తుందన్నారు. ఇదేమిటి, మళ్ళీ బయట చేరానా అనుకుని నవ్వొచ్చింది. అప్పుడు నువ్వు గుమ్మంలో నుంచుని బడిపిల్లల పలక మీద రాసి చూపించావు. "కాఫీ తాగారా?" "ఇంకా పద్దెనిమిది గంటలే." "అన్నయ్యగారు వరండాలో కునుకుతున్నారు." నాలుగు బారల దూరం. నేను నీకు నేర్పిన దూరమే. నువ్వు వెళ్ళాక గట్టిగా ఏడ్చాను, సంతోషంతోనే.

ఇది సిరాతో రాశాను. గమనించి ఉంటావు.

నీ వదిన
సూర్యావతి

మద్రాసు
11 నవంబరు 1954

వదినగారికి నమస్కారాలు.

కిందటి నెల దానం పంపిన మీ పలక చూశాను. ఆ మూల నుంచి ఈ మూలకి వెతికాను. పార్వతిగారు కూడా చూశారు. పాడైనది ఒక్కటీ లేదు. అయిదేళ్ళు గడిస్తే గానీ పూర్తిగా పోయిందని రాసివ్వనన్నారు. రాయకపోయినా ముఖంలో చెప్పేశారు.

 ఆవకాయ జాడీ ఖాళీ అయింది.

మీ
రత్నం

శివకోడు
15 ఫిబ్రవరి 1955

చి. రత్నానికి, వదిన ఆశీర్వదించి రాసేది.

పెన్సిలు చూసి గుండె గుభేలుమనిపించుకోకు. నేను బాగున్నాను. నిన్న వంటింట్లో సావిత్రితో పోట్లాడాను కూడా.

పాకలోంచే రాస్తున్నాను. మీ అన్నయ్యగారు దాన్ని పీకించేస్తానన్నారు. వద్దన్నాను. పైన కొత్త తాటాకు నేయించి, గోడలకి సున్నం కొట్టించి, లోపల ఎత్తుగా ఒక బల్ల వేయించారు. ఇవాళ దానం తన సంచీ తీసుకుని వచ్చింది. ఇకమీదట నెలకోసారి వస్తానంటోంది. మగవాళ్ళెవరూ పాక వైపు రారు, అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటే కదా. ఇన్నేళ్ళకి పనికొచ్చింది.

పీచు పేనే ఎనిమిదిమందికీ ముందు నా సంగతి చెప్పాను. బట్టలు, వాసన, కడిగిన పలకలు, అన్నీ. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ఏడ్చారు. వాళ్ళలో ఒకామెకి తల్లి అలాగే పోయిందట, ఎవరితోనూ అనలేదట. వీరాయమ్మ పిన్ని అరుగుమీద కూర్చుని "ముసిల్దాన్ని, నాకెందుకే ఇయ్యన్నీ?" అంటూనే ఉంది. తీరా దానం సంచీ సర్దుకుంటుంటే లేచి, "నాదీ చూసేయమ్మా, ఓ పనైపోద్ది" అంది. నాకు వయసు తిరిగొచ్చిందన్న మాట ఆవిడ మరిచిపోలేదు. బల్ల ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

పలక మీద పేరు ఎవరిది వాళ్ళే రాయాలని నేను నియమం పెట్టాను. నీ దగ్గర నేర్చుకున్నదే. రాయడం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకని పది రోజులుగా పాక ముందు ఇసకలో దిద్దిస్తున్నాను. వద్దంటూనే పిన్ని కూడా దిద్దింది, కొమ్ములన్నీ వంకరపోయాయి. నువ్వు చదువుకోలేకపోతే వంకర కొమ్ములన్నీ పిన్నివే అనుకో. మనవరాలికి కొత్తగా పరుగు వచ్చింది, ఆ అక్షరాల మీదికే వెళుతుంది. మీ అన్నయ్యగారు దాన్ని ఎత్తుకుని దొడ్డి తలుపు దగ్గర నుంచున్నారు. తొక్కనివ్వటం లేదు.

పెట్టెలో తొమ్మిది పలకలున్నాయి రత్నం. జాగ్రత్తగా చూడు.

ఒక్కటీ కడగలేదు.

నీ వదిన
సూర్యావతి